ఊపిరి లెక్కకు పూసలు

పసిబిడ్డకు డొక్కలెగురుతున్నాయంటే తల్లి గుండె జారిపోతుంది. దగ్గూ జలుబూ ఏ బిడ్డకైనా వస్తాయి, పోతాయి. ఊపిరి వేగం పెరిగి, పక్కటెముకల కింద గుంటలు పడుతుంటే మాత్రం నిమోనియా అని అనుమానించాలి. ఎక్స్‌రే లేని చోట దాన్ని పట్టుకోవడానికి సులువైన దారి, బిడ్డ పొట్ట మీద చూపు నిలిపి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం. రెండు నెలల లోపు బిడ్డకు ఆ లెక్క 60కి చేరిందంటే ఇక ఆలస్యం చేయకూడదు. ఇందుకు ఒక గడియారం ఉండాలి, 60 దాకా అంకెలు రావాలి.

1980ల చివర్లో మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవి పల్లెల్లో పురుళ్లు పోసే మంత్రసానులకు ఈ రెండూ లేవు. బడి మొహం చూడని ఆడవాళ్లు. పదో పన్నెండో దాటితే లెక్క తప్పేది. కానీ ఊళ్లో ఏ బిడ్డ ఎప్పుడు పుట్టిందో, ఏ ఇంట్లో పసివాడు రెండు రోజులుగా పాలు తాగడం లేదో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అర్ధరాత్రి పిలిచినా పలికేది వాళ్లే. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులకు చదువుకున్న మనిషి కోసం వెతుక్కునే వీలూ లేదు, అంత తీరికా లేదు. పిల్లలు చనిపోతున్నారు. అందుకని మంత్రసానిని అలాగే ఉంచి, లెక్కపెట్టే పద్ధతిని మార్చారు.

అలా పుట్టిందే ఊపిరి లెక్కించే పరికరం. ఒక నిమిషంలో ఖాళీ అయ్యే చిన్న ఇసుక గడియారం, దాని పక్కన రెండు వరుసల పూసలు. ఒక వరుస రెండు నెలల లోపు బిడ్డలకు, రెండోది అంతకు పైబడిన పిల్లలకు. పది ఊపిర్లు లెక్కపెట్టి ఒక పూస జరపాలి. మళ్లీ ఒకటి నుంచి పది, మళ్లీ ఒక పూస. వరుస చివర ఎర్ర పూస ఉంటుంది. ఇసుక జారిపోయే లోపు ఎర్ర పూస దాకా వచ్చిందా, బిడ్డకు నిమోనియా అన్నట్టే. పది దాకా లెక్క వస్తే చాలు.

ఈ పూసల దగ్గరికి రావడానికి ఆ ఇద్దరికీ పదేళ్లకు పైనే పట్టింది. నడిచిన దారిలో ఒక తప్పటడుగూ పడింది. ఆ తప్పటడుగు నుంచే మంచి పనులు పుట్టాయి కాబట్టి దాన్ని కూడా చెప్పాలి.

అభయ్ 1950లో వార్ధాలో పుట్టాడు. పెరిగింది గాంధీజీ సేవాగ్రామ్ వాతావరణంలో. తండ్రి ఠాకూర్‌దాస్ బంగ్ అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకుడు, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లివచ్చినవాడు. పై చదువుకు అమెరికా వెళ్లే ముందు ఆశీర్వాదం కోసం గాంధీజీ దగ్గరికి వెళ్తే, అర్థశాస్త్రం నేర్చుకోవాలంటే అమెరికా వద్దు, ఊళ్లకు వెళ్లు అన్నారట ఆయన. ఠాకూర్‌దాస్ ప్రయాణం మానుకున్నాడు. విద్యార్థుల్ని వెంటపెట్టుకుని పల్లెకు వెళ్లాడు. ఆ ఇంట్లో పెరిగిన అన్నదమ్ములిద్దరూ చిన్నతనంలోనే పని పంచుకున్నారు. ఒకరు సేద్యం, ఒకరు ఆరోగ్యం. అభయ్ వాటాకు ఆరోగ్యం వచ్చింది.

రాణి పుట్టింటి పేరు చారి. చంద్రపూర్ అమ్మాయి. ఇద్దరూ నాగపూర్ వైద్య కళాశాలలో చదివారు. ఆయన జనరల్ మెడిసిన్‌లో ఎండీ, ఆమె ప్రసూతి, స్త్రీ వ్యాధుల్లో ఎండీ. 1977లో పెళ్లి చేసుకున్నారు. ఆ చదువులకు నాగపూర్‌లోనో బొంబాయిలోనో నర్సింగ్‌హోమ్ పెట్టుకుంటే జీవితం సాఫీగా గడిచిపోయేది. వాళ్లు వార్ధా జిల్లా పల్లెల్లో వైద్యం మొదలుపెట్టారు.

అక్కడ రోగులు చెప్పేవన్నీ చివరికి ఆకలి దగ్గరికే వచ్చి ఆగేవి. వ్యవసాయ కూలీకి అప్పుడు రోజుకు 4 రూపాయలు. ఆ 4 రూపాయలు ఎలా నిర్ణయించారా అని అభయ్ ప్రభుత్వ సంఘం నివేదిక తెప్పించి చదివాడు. కష్టం చేసే మనిషికి కావలసిన తిండి నుంచి ఇంట్లో తిండిపెట్టాల్సిన మనుషుల దాకా లెక్కలో తప్పులు కనిపించాయి. పోషకాహార శాస్త్రం పక్కన పెట్టుకుని మళ్లీ లెక్క కట్టాడు. కూలి 12 రూపాయలు ఉండాలని తేలింది. కూలీ సంఘాలు ఆ లెక్కను పట్టుకుని పోరాడాయి. చివరికి మహారాష్ట్రలో కనీస కూలి 4 నుంచి 12కు పెరిగింది. ఒక డాక్టరు ఎన్ని వేల సూదులు వేస్తే అంతమంది ఇళ్లలో గంజి చిక్కబడుతుంది? ఆ ప్రశ్న వాళ్లిద్దరినీ వదల్లేదు. సరిగ్గా కట్టిన లెక్క కూడా మందేనని వాళ్లకు అక్కడే అర్థమైంది. అయితే అలాంటి లెక్కలు కట్టే విద్య తమకు పూర్తిగా రాదనీ తెలిసింది.

అందుకే అమెరికా వెళ్లారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇద్దరూ ప్రజారోగ్యం చదివారు. అక్కడి ఆచార్యుడు కార్ల్ టేలర్ మన దేశంలోనే పుట్టినవాడు. పంజాబ్‌లోని నరంగ్‌వాల్‌లో పల్లె ఆరోగ్య కార్యకర్తలతో పసిపిల్లలకు వైద్యం చేయించి చూసినవాడు. చదువు ముగిశాక అమెరికాలో ఉండిపోయే దారి తెరిచే ఉంది. ఇద్దరూ 1984లో వెనక్కి వచ్చేశారు. తండ్రి వెళ్లకుండా మానుకున్న దేశానికి కొడుకు, కోడలు వెళ్లి, తమకు కావలసిన విద్య తెచ్చుకుని, ఆయన వెళ్లిన పల్లెకే చేరారు.

ఎక్కడ స్థిరపడాలన్నది తర్వాతి ప్రశ్న. పరిశోధన చేసేవాళ్లు సాధారణంగా ప్రయోగశాల, కరెంటు, గ్రంథాలయం ఉన్న చోటు చూసుకుంటారు. వీళ్లు జబ్బులు ఎక్కడ ఎక్కువ ఉన్నాయో చూశారు. చంద్రపూర్ నుంచి విడదీసి 1982లో ఏర్పాటు చేసిన కొత్త జిల్లా గడ్చిరోలి. ముప్పాతిక వంతు అడవి. గోండులు, మాడియాలు. దక్షిణాన సిరొంచ దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డున మన కాళేశ్వరం. సిరొంచ వైపు పల్లెల్లో ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. అంటే ఇది మనకు దూరపు కథేమీ కాదు, ఏటి అవతలి కథ. 1986లో ఆ జిల్లా కేంద్రంలో ఒక పాత తునికాకు గోదాములో వాళ్ల సంస్థ 'సెర్చ్' మొదలైంది.

ఆ తప్పటడుగు అక్కడే పడింది. ఆదివాసుల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంటుందని పుస్తకాల్లో ఉంది. జిల్లాలో ఎంత ఉందో ఎవరూ చూడలేదు. ఊరూరా తిరిగి రక్తం నమూనాలు తీసి, ఆ జబ్బు బాగానే ఉందని తేల్చారు. శాస్త్రం దృష్టిలో అది మంచి పని. కానీ ఆ ఫలితంతో ఊళ్లలో ఎవరూ కదల్లేదు. పుట్టుకతో వచ్చి, పూర్తిగా నయం కాని ఆ జబ్బు గురించి వాళ్లు అడగనే లేదు. వాళ్ల బాధలు వేరే ఉన్నాయి. చదువుకున్నవాళ్లకు ఆసక్తి కలిగించే ప్రశ్నకూ జనం గుండెల్లో ఉన్న ప్రశ్నకూ ఇంత తేడా ఉంటుందని ఆ దంపతులు దాచుకోకుండా ఒప్పుకున్నారు. ఆ తర్వాత పరిశోధనకు ప్రశ్నను ఊరే ఇవ్వాలని నియమం పెట్టుకున్నారు. నా దృష్టిలో వాళ్ల ఆవిష్కరణలన్నింటిలోకీ ముందు చెప్పుకోవలసింది ఈ నియమమే. మిగిలినవన్నీ దీన్నుంచే వచ్చాయి.

ఆసుపత్రి కట్టాలనుకున్నప్పుడు కూడా అలాగే అడిగారు. మీరు సర్కారు దవాఖానాకు ఎందుకు వెళ్లరు? జవాబులు విని డాక్టర్లు నోరు తెరిచారు. పెద్ద మేడలో దారి తప్పిపోతాం. అక్కడ అందరూ తెల్లబట్టలు వేసుకుంటారు, మేము తెల్లబట్ట కప్పేది శవానికి. రోగిని లోపల పెట్టుకుని మమ్మల్ని బయటికి గెంటుతారు. అక్కడ దేవుడు లేడు, దేవుడు లేని చోట జబ్బు ఎలా నయమవుతుంది? ఆ నాలుగు మాటలే ఆసుపత్రికి నక్షా అయ్యాయి. గడ్చిరోలికి 17 కిలోమీటర్ల దూరంలో శోధగ్రామ్ అని చిన్న ఊరులాంటి ఆవరణ, అందులో గోండు పల్లెలో ఇళ్లలాగా విడివిడి కుటీరాలు, రోగి పక్కనే చుట్టాలు వండుకుని ఉండే వీలు. ముంగిట్లో దంతేశ్వరి గుడి. ఆసుపత్రి పేరు కూడా మా దంతేశ్వరి దవాఖానా. ఆ దేవత మనకు కొత్తేమీ కాదు. ఓరుగల్లు పతనమయ్యాక బస్తర్ వెళ్లిన కాకతీయుల అన్నమదేవుడు ఆమెను వెంట తీసుకెళ్లాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఇక రాణి గురించి చెప్పాలి. ఇలాంటి కథల్లో భార్య పేరు భర్త పేరు వెనక తోకలా నడుస్తుంది. ఇక్కడ అలా కుదరదు. వాళ్ల పేరును ప్రపంచం మొదట విన్నది ఆమె పని వల్లనే. ఆ రోజుల్లో ప్రభుత్వానికి గానీ అంతర్జాతీయ సంస్థలకు గానీ పల్లెటూరి ఆడదాని ఆరోగ్యం అంటే రెండే విషయాలు: కాన్పు, కుటుంబ నియంత్రణ. గర్భం రాని రోజుల్లో ఆమెకు ఒళ్లు ఉందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. రాణి దగ్గరకు వచ్చే ఆడవాళ్లు మాత్రం గదిలో మగవాళ్లు ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరి బాధలు, కలయికలో నొప్పి, పిల్లలు పుట్టకపోవడం. అత్తకు చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు, ఏ డాక్టరుకూ చూపించుకోలేదు.

ఎంతమందికి ఇలా ఉంది? రాణి వైద్య పుస్తకాలు తిరగేసింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలు దొరికాయి. ఊళ్లో ఉన్న ఆడవాళ్లందరినీ, బాధ ఉందన్నవాళ్లనూ లేదన్నవాళ్లనూ కూడా చూసిన అధ్యయనం కనిపించలేదు. వసా, అమిర్జా అనే రెండు ఊళ్లు ముందుకొచ్చాయి. ఊరి పెద్దలతోనూ ఆడవాళ్లతోనూ మాట్లాడి, సందేహాలు తీర్చి, 650 మంది స్త్రీలను పరీక్షించారు. వాళ్లలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన వ్యాధి ఉంది. మనిషికి సగటున 3.6 జబ్బులు. అంతకు ముందు ఎప్పుడైనా ఇలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. 1989 జనవరిలో లండన్ వైద్య పత్రిక లాన్సెట్ దీన్ని అచ్చువేసింది. రచయితల్లో మొదటి పేరు రాణిది, రెండో పేరు అభయ్‌ది. 1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సు నాటికి స్త్రీల ఆరోగ్యాన్ని కాన్పుకు మించి చూడాలనే వాదానికి ఈ రెండు ఊళ్ల లెక్క గట్టి ఆధారమైంది.

ఆడవాళ్లు నోరు విప్పితే జబ్బుల దగ్గర ఆగరు. తర్వాత సారా సంగతి వచ్చింది. మొగుడు తాగి కొడతాడు, కూలి డబ్బు ఇంటికి రాదు. మళ్లీ లెక్క కట్టారు. జిల్లా అభివృద్ధికి ఏడాదికి ప్రభుత్వం పెట్టే ఖర్చు కంటే జనం మద్యానికి పోసే డబ్బే ఎక్కువని తేలింది. ఆ లెక్క సభల్లో వినిపించేసరికి ఊళ్లకు ఊళ్లే లేచాయి. 1993లో గడ్చిరోలి జిల్లాలో మద్య నిషేధం అమల్లోకి వచ్చింది. అంతకు ముందే దూబగుంటలో మొదలై నెల్లూరు జిల్లాను, తర్వాత రాష్ట్రాన్ని ఊపేసిన మన సారా వ్యతిరేక ఉద్యమం వల్ల ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది కూడా ఆ ఏడే. ఏటికి ఇటూ అటూ ఒకే బాధతో ఆడవాళ్లు దాదాపు ఒకే కాలంలో రోడ్డెక్కారు. 

మళ్లీ పూసల దగ్గరకు వద్దాం. పిల్లల చావుల లెక్క తీస్తే నిమోనియా ముందు వరసలో కనిపించింది. మందు ఉంది, ఖరీదైనదీ కాదు. కో-ట్రైమాక్సజోల్ ప్రతి మందుల దుకాణంలో దొరుకుతుంది. అడ్డం వచ్చేవి దూరం, వానాకాలపు వాగులు, ఇంకో రోజు చూద్దాంలే అనే ఆలస్యం. కాబట్టి మందే ఊళ్లోకి వెళ్లాలి. ఆరోగ్య సిబ్బందికి, ఊరి కార్యకర్తలకు, మంత్రసానులకు నేర్పి మందు వాళ్ల చేతిలో పెట్టారు. చదువురాని ఆడదాని చేతికి యాంటీబయాటిక్ ఇవ్వడమేమిటని వైద్యలోకంలో చాలామందికి మింగుడుపడలేదు. వాళ్లకు జవాబుగా అభయ్, రాణి 58 ఊళ్లలో వైద్యం ఇప్పించి, 44 ఊళ్లను పోల్చి చూడటానికి పెట్టుకున్నారు. వైద్యం అందిన ఊళ్లలో అయిదేళ్ల లోపు పిల్లల నిమోనియా మరణాలు వెయ్యికి 8.1. అందని చోట 17.5. చికిత్స పొందిన నిమోనియా పిల్లల్లో చనిపోయినవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. 1990 జనవరిలో ఇది కూడా లాన్సెట్‌లోనే వచ్చింది. ఈసారి మొదటి పేరు అభయ్‌ది.

అయినా చావులు పూర్తిగా ఆగలేదు. మిగిలిన వాటిని విడదీసి చూస్తే ఎక్కువ భాగం పుట్టిన నెల లోపే జరుగుతున్నాయి. పురిట్లో పోయిన బిడ్డను మన పల్లెల్లోనూ లెక్కలో వేసుకునేవాళ్లు కాదు. పేరు పెట్టకముందే పోయింది కదా, మళ్లీ పుడతాడులే అని తల్లిని ఓదార్చేవాళ్లు. వైద్యుల మాట ఇంకో రకం. పసికందును కాపాడాలంటే ఇంక్యుబేటర్ కావాలి, పిల్లల డాక్టరు కావాలి, పెద్దాసుపత్రి కావాలి, పల్లెలో సాధ్యం కాదు. ఒకరు విధి అన్నారు, ఇంకొకరు వసతి లేదన్నారు. ఎవరు ఎలా చెప్పినా బిడ్డ మాత్రం పోతూనే ఉంది.

1995లో వాళ్లు 39 ఊళ్లు తీసుకుని, ముందుగా ఒక ఏడాది పాటు చూడటానికే కేటాయించారు. ఊరికి ఒక ఆడమనిషి. అయిదు నుంచి పది తరగతుల దాకా చదివినవాళ్లు. వాళ్లకు ఆరోగ్యదూత అని పేరు పెట్టారు. పురుడు వచ్చిందంటే మంత్రసాని పక్కన ఆరోగ్యదూత కూర్చోవాలి. బిడ్డ ఏడ్చిందా, రంగు ఎలా ఉంది, బరువెంత, ఎప్పుడు రొమ్ముకు పట్టించారు, ఒళ్లు వెచ్చగా ఉందా, అన్నీ రాసుకోవాలి. నెల దాటేదాకా మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలి. ఆ ఏడాది 763 మంది పసికందుల వివరాలు చేతికొచ్చాయి. దాదాపు అందరూ ఇంట్లో పుట్టినవాళ్లే. వాళ్లలో సగానికి పైగా బిడ్డలకు వైద్యం అవసరమైన స్థితి వచ్చింది. వైద్యం అందినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు.

ఇంటింటా అదే దృశ్యం. పుట్టగానే చల్లటి గుడిసెలో బిడ్డకు స్నానం. ముర్రుపాలు పిండి పారబోయడం. బరువు తక్కువ బిడ్డ ఒళ్లు చల్లబడి, పాలు లాగే ఓపిక లేక, ఒకటి రెండు రోజుల్లో ఏడుపు సన్నగిల్లి, తర్వాత చప్పుడు లేకుండా పోవడం. ఈ స్థితిని డాక్టర్లు సెప్సిస్ అంటారు, అంటే రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకడం. ప్రయోగశాల లేకుండా దాన్ని ఎలా గుర్తించాలి? ఏడాది పాటు రాసుకున్న కాగితాలే దారి చూపాయి. ఏడుపు బలహీనపడటం, పాలు తాగడం తగ్గడం, కాళ్లూ చేతులూ వేలాడటం, పొట్ట ఉబ్బరం, ఒళ్లు బాగా చల్లబడటమో కాలిపోవడమో, డొక్కలెగరడం, బొడ్డు దగ్గరో చర్మం మీదో చీము. ఈ ఏడింటిలో ఏ రెండు ఒకేసారి కనిపించినా సెప్సిస్ అనుకోవాలి. ఏ తల్లికైనా కనిపించే గుర్తులే ఇవి. వాటిని వరసలో పెట్టి, ఎన్ని కలిస్తే ప్రమాదమో చెప్పడమే కొత్త.

తర్వాత చికిత్స. ఊపిరి అందని బిడ్డకు మాస్కు పెట్టి గాలి ఊదడం, బరువు తక్కువ బిడ్డను కుచ్చు టోపీ, దుప్పటి, సంచిలాంటి పొత్తిళ్లలో వెచ్చగా ఉంచడం, గంటలోపే తల్లి రొమ్ముకు పట్టించడం ఆరోగ్యదూతలకు నేర్పారు. సెప్సిస్ గుర్తులు కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లమని ముందు చెప్పాలి. ఆ తల్లిదండ్రులు వెళ్లలేమంటే, వాళ్ల అనుమతితో నోటికి కో-ట్రైమాక్సజోల్, తొడకు జెంటామైసిన్ సూది. ఏడో తరగతి చదివిన పల్లె ఆడది, మూరెడు కూడా లేని బిడ్డకు సూది వేయడం. వైద్యలోకం సులువుగా ఒప్పుకునే పని కాదిది. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పి, పరీక్షించి, పదిహేను రోజులకోసారి వెళ్లి వాళ్లు రాసిన ప్రతి కాగితం సరిచూసి, అప్పుడు నమ్మారు. నమ్మాక వెనక్కి తగ్గలేదు.

మొదలుపెట్టినప్పుడు ఆ 39 ఊళ్లలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 62 మంది నెల తిరక్కుండా పోతున్నారు. మూడో ఏటికి ఆ సంఖ్య 25.5కు దిగింది. పోల్చి చూడటానికి పెట్టుకున్న 47 ఊళ్లలో అది 58 నుంచి 59.6 దగ్గరే ఉంది. సెప్సిస్ వచ్చిన పసికందుల్లో అంతకు ముందు నూటికి 16 మందికి పైగా చనిపోయేవాళ్లు. సూది మొదలయ్యాక ముగ్గురికన్నా తక్కువ. లాన్సెట్ 1999 డిసెంబరులో ఈ ఫలితాలను ప్రచురించింది. పేదదేశాల్లో పసికందుల్ని ఇంట్లోనే కాపాడుకోవచ్చన్న ఆలోచనకు ఆ తర్వాతే ప్రపంచంలో గౌరవం దక్కింది. ఇంటింటికీ వెళ్లి పసికందును చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2009లో ఉమ్మడిగా ప్రకటించాయి. 2011లో భారత ప్రభుత్వం దేశవ్యాప్తంగా ఆశా కార్యకర్తల ద్వారా ఇంటివద్ద పసికందు సంరక్షణను మొదలుపెట్టింది.

బహుమతులు బోలెడన్ని వచ్చాయి. 2018లో భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి పద్మశ్రీ ఇచ్చారు. దాని గురించి ఇంతకు మించి రాయను. నాకు బాధ కలిగించే ఒక విషయం మాత్రం రాయాలి. దేశమంతా అమలైన పథకంలో ఆశా చేతికి ఆ సూది ఇవ్వలేదు. ఇంటికి వెళ్లడం, తూచడం, వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, ప్రమాదం కనిపిస్తే పంపించడం వరకే ఆమె పని. 2014లో ఏఎన్‌ఎం నర్సులకు జెంటామైసిన్ వేసే అనుమతి వచ్చింది. ఇప్పుడు కాన్పులు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, అంబులెన్సులు వచ్చాయి, అందుచేత ఆశాకు సూది అక్కర్లేదని కొందరంటారు. రోడ్డు ఉన్న ఊరికి ఆ మాట సరే. వానాకాలంలో వాగు పొంగితే డోలీ తప్ప దిక్కులేని గూడేలు మన్యంలోనూ, ఆదిలాబాద్ కొండల్లోనూ ఇంకా ఉన్నాయి. గడ్చిరోలిలో మూడేళ్లు పరీక్షించి నిలబెట్టిన పద్ధతిలోంచి అతి ముఖ్యమైన ముక్కను తీసేసి మిగతాది పంచడం న్యాయం కాదని నా అభిప్రాయం. కనీసం అలాంటి గూడేల్లోనైనా, సరిగ్గా నేర్పి, ఆ పని ఆశాకు అప్పగించాలి.

ఈ పనులన్నీ విడివిడిగా చూస్తే ఒకటి ఆయనది, ఒకటి ఆమెది అనిపిస్తుంది. వాళ్ల ఆవరణలో వాటిని అలా విడదీయలేరు. నెల లోపు బిడ్డల మీద చేసిన అధ్యయనానికి తలుపులు తెరిచింది, అంతకు పదేళ్ల ముందు నుంచి రాణి దగ్గర మనసు విప్పుకున్న ఆడవాళ్లే. ఆమె విన్న మాటలను అభయ్ లెక్కగా మార్చకపోయి ఉంటే అవి ఆ గదిలోనే ఉండిపోయేవి. ఆమె వినకపోతే ఆయన ఇంకో సికిల్ సెల్ సర్వే చేస్తూ ఉండేవాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఇద్దరూ శోధగ్రామ్‌లోనే ఉన్నారు. ఇద్దరు కొడుకులూ ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నారు.

గడ్చిరోలి ఆరోగ్యదూతలు పసికందు ఇంటికి వెళ్లిన రోజులే కొద్ది మార్పులతో ఇవాళ మన ఆశాల పుస్తకంలో ఉన్నాయి. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. మీ ఇంట్లో బాలింత ఉంటే ఆ రోజులు గుర్తుపెట్టుకోండి. ఆశా వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి సంతకం పెట్టి పంపేయకండి. లోపలికి పిలవండి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు ఇవ్వండి. బిడ్డ బట్టలు విప్పి తూచనివ్వండి, ఊపిరి లెక్కపెట్టనివ్వండి. ఆ ఒక్క నిమిషం ఇంట్లో ఎవరూ మాట్లాడకండి.